సాలార్‌జంగ్ మ్యూజియాన్ని గైడుతో చూడాలా, సొంతంగా తిరగాలా?

నల్గొండ నుంచి పిల్లలనూ, మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మనూ తీసుకుని ఒక్కరోజులో సాలార్‌జంగ్ చూసి రావాలి, గైడును పెట్టుకోవాలా అని అడిగారు. పెట్టుకోండి. కాకపోతే రోజంతా వద్దు, మొదటి రెండు గంటలు చాలు. మా కాలనీలో నాలుగైదు ఇళ్ళవాళ్ళం కలిసి అట్లాగే వెళ్ళాం, మా అమ్మ కూడా వచ్చింది.

గైడు ఎందుకంటే, అక్కడి సరుకు చాలా మటుకు ఒక్క కుటుంబం ఇష్టపడి కొన్నది. సాలార్‌జంగ్ అనేది ఆ కుటుంబం బిరుదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కొంతకాలం నిజాం దగ్గర దివానుగా, అంటే ప్రధానమంత్రిగా చేసి, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కళాఖండాలు పోగుచేస్తూనే ఉన్నాడు. ఆయన 1949లో పోయాక, 1951లో వాళ్ళ సొంత భవంతి దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. కత్తులు, గడియారాలు, పింగాణీ, ఏనుగు దంతం పనులు, చేతిరాత పుస్తకాలు, రవివర్మ బొమ్మలు, అన్నీ ఉంటాయి. తెలియకుండా లోపలికి పోతే అన్నీ చూడాలని ఉరుకుతాం. గంట తిరిగేసరికి కాళ్ళు లాగుతాయి, ఇంటికొచ్చాక ఏదీ గుర్తుండదు. ఏది వదిలెయ్యాలో చెప్పేవాడే మంచి గైడు.

మా గైడు మమ్మల్ని ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ ముందు నిలబెట్టి, ముందు ఏమీ చెప్పలేదు. "కాసేపు ఊరికే చూడండి, ఏం కనపడ్డదో తర్వాత మీరే చెప్పండి" అన్నాడు. పిల్లలు గుసగుసలాడారు. మా అమ్మ బొమ్మకు పక్కగా పోయి వంగి చూసి, "తడిబట్ట లెక్క అతుక్కున్నది గదనే బిడ్డా, రాయి ఎట్లయితది?" అన్నది. అప్పుడు మొదలుపెట్టాడు ఆయన. చెక్కినవాడు ఇటలీ శిల్పి బెంజోనీ. మూడో సాలార్‌జంగ్ తాత, మొదటి సాలార్‌జంగ్, 1876లో రోములో కొని తెచ్చాడు. రెబెకా బైబిలు కథలోని అమ్మాయి. తనను చేసుకోబోయే ఇస్సాకు ఎదురొస్తుంటే ముసుగు కప్పుకున్న ఘడియ అది. ముసుగు, ముఖం రెండు పొరలు కావు, ఉన్నది ఒక్కటే రాయి. ముడతలు పడేచోట రాయిని సన్నని గీతలుగా లేపి, చెంప దగ్గర, పెదవి దగ్గర నున్నగా వదిలేశాడు. పలచటి బట్ట వెనక ముఖం ఉందని నమ్మేది మన కళ్ళే. ఈ మాట విన్నాక అందరం మళ్ళీ వెనక్కి జరిగి, పక్కకు పోయి, దగ్గరికొచ్చి చూశాం. పెద్ద గుంపులో ఇది కుదరదు. వెనకవాళ్ళు తోస్తుంటారు, ముందువాళ్ళు ఫోటో తీసుకుని కదిలిపోతారు.

చెక్కబొమ్మ కూడా పిల్లలకు తప్పక చూపించండి. ముందు నుంచి చూస్తే ఛాతీ విరుచుకుని నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక పెట్టిన అద్దంలో చూస్తే తలవంచుకున్న మార్గరెటా అనే అమ్మాయి. ఇద్దరూ ఫౌస్ట్ అనే జర్మన్ నాటకంలోని వాళ్ళు. రెండూ ఒకే దుంగలో చెక్కినవి. చాలామంది ముందు వైపు చూసి వెళ్ళిపోతారు. మా గైడు జట్టులో పిల్లలను సగం ఇటు, సగం అటు నిలబెట్టి, మీకు ఎవరు కనపడుతున్నారో చెప్పుకోండి అన్నాడు. వాళ్ళ వాదన వినడమే ఒక సంబరం.

పాటల గడియారం దగ్గర మాత్రం గైడు ఉన్నా లేకున్నా ఒకటే. గంట గంటకూ గడియారంలోంచి చిన్న గడ్డపాయన బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతాడు, జనం ముందుగానే చేరిపోతారు. పన్నెండింటికి అక్కడ ఉండేలా చూసుకోండి, ఎక్కువసేపు మోగుతుంది. పది నిమిషాల ముందే వెళ్తే అత్తమ్మకు ముందు చోటు దొరుకుతుంది.

జట్టులో పదిమందికి మించొద్దు, మించితే వెనకవాళ్ళకు వినపడదు. తెలుగులో చెప్పగలడా అని బేరానికి ముందే అడగండి. అంతకుముందు ఒకసారి ఇంకో గైడుతో వెళ్ళినప్పుడు ఆయన హిందీలో గడగడా అప్పజెప్పాడు, మా పెద్దవాళ్ళకు ఒక్క ముక్క ఎక్కలేదు. "అన్నీ చూపిస్తా" అనేవాడికన్నా "మీకేం చూడాలని ఉంది?" అని అడిగేవాడే నయం. రెండు గంటలయ్యాక ఆయనను పంపేసి, అత్తమ్మను కూర్చోబెట్టి ఏమన్నా తిని, తర్వాత పిల్లలు ఏది మళ్ళీ చూస్తామంటే అక్కడికే పొండి.

ఇంకో మాట, ఎవరూ అడగరు గానీ నాకు చాలా ముఖ్యం. హైదరాబాద్ పోయే ముందు ఆదివారం పిల్లలను నల్గొండ పక్కనున్న మన పానగల్లు తీసుకెళ్ళండి. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కి ఉన్నాయి, పక్కనే మ్యూజియంలో పాత విగ్రహాలున్నాయి. ఒక్క గోడ దగ్గర నిలబెట్టి, ఇందులో ఎవరు ఎవరో కనుక్కోమనండి. ఒకప్పుడు ఇక్కడ ఏలిన కుందూరు చోడ రాజుల కాలం నాటి పని మన ఊరి పక్కనే ఉంటే, మనవాళ్ళు దండం పెట్టుకుని వచ్చేస్తున్నారు. రాయిని నింపాదిగా చూడటం అక్కడ అలవాటైన పిల్లలు సాలార్‌జంగ్‌లో గైడునే ప్రశ్నలు అడుగుతారు.

సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, ఆ రోజు పోకండి. పొద్దున పదింటికి తెరుస్తారు. తెల్లవారుజాము బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోలో దగ్గరే.