సిఫార్సు లేనిదే స్క్రిప్ట్ చదవరట, కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి లాస్ ఏంజెలిస్‌లో స్క్రీన్‌రైటింగ్‌లో ఎంఎఫ్‌ఏ పూర్తి చేసింది. రచయితలకు, నటులకు పని కుదిర్చే టాలెంట్ ఏజెన్సీలకు స్క్రిప్ట్ పంపుతానని రాస్తే, మాకు తెలిసినవాళ్లు చెబితేనే చదువుతామని జవాబు వస్తోంది. అక్కడ మనకు తెలిసినవాళ్లెవరున్నారు? ఇది వివక్ష కాదా? అక్కడి చట్టం ఏమంటుంది?
(ఒక తండ్రి, విజయవాడ)

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది. హాలీవుడ్‌లో ఇప్పటికే చోటున్నవాళ్ల పరిచయస్తులకే తలుపు తెరిస్తే, కొత్తగా వెళ్లినవాళ్లు బయటే నిలబడాలి. అయినా ఒక మాట ముందే చెప్పేస్తాను. సిఫార్సుతో వస్తేనే చదువుతామన్న నియమం దానంతటదే చట్టవిరుద్ధం కాదు.

1964 పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం కారణంగా వివక్ష చూపకూడదంటుంది. ఇది యజమానులతో పాటు ఉద్యోగాలు కుదిర్చే ఏజెన్సీలకూ వర్తిస్తుంది. అమెరికా పౌరసత్వం లేకపోయినా మీ అమ్మాయికి ఈ రక్షణ ఉంది. కానీ ‘పరిచయాలు లేకపోవడం’ ఆ జాబితాలో లేదు. పైగా టీవీ షోలో జీతానికి రాసే రచయిత ఉద్యోగి కిందికి వస్తారు, సొంతంగా రాసి స్క్రిప్ట్ అమ్ముకునేవారి విషయంలో ఆ వాదన నిలబెట్టడం కష్టం.

ఏజెన్సీలు ఇంత గట్టిగా ఉండడానికి ఒక పాత భయం కూడా ఉంది. 1949లో విక్టర్ డెస్నీ అనే ఆయన దర్శకుడు బిల్లీ వైల్డర్ ఆఫీసుకు ఫోన్ చేసి, తన కథను సెక్రటరీకి చెప్పాడు. ఆమె షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంది. తర్వాత అలాంటి కథతోనే సినిమా రావడంతో ఆయన కోర్టుకెక్కాడు. డబ్బు ఇస్తామన్న అవగాహనతో కథ తీసుకుంటే, కాగితం మీద సంతకం లేకపోయినా ఒప్పందం కుదిరినట్టే కావచ్చని 1956లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన కవరు విప్పాలంటే అక్కడివాళ్లు జంకేది అందుకే.

మరి చట్టం ఎప్పుడు పట్టుకుంటుంది? మన భారతీయులకు సిఫార్సు కావాలని, వేరేవాళ్లకు అక్కర్లేదని తేడా చూపితే అది నేరుగా వివక్షే. పైకి అందరికీ ఒకేలా ఉన్న నియమం ఒక వర్గాన్ని ఎక్కువగా దెబ్బతీస్తే దాన్నీ ప్రశ్నించవచ్చని 1971లో గ్రిగ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఉద్యోగుల నోటిమాట మీదే మనుషులను తీసుకున్న ఒక షికాగో కంపెనీ కేసులో, 1991లో అప్పీల్ కోర్టు యజమాని వైపే నిలిచింది. ఇలాంటి పరోక్ష వివక్ష కేసులను ఫెడరల్ సంస్థలు పక్కన పెట్టాలని 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడి ఉత్తర్వు కూడా వచ్చింది. చట్టం మారలేదు, పోరాడే భారం మాత్రం ఎక్కువగా మన మీదే పడింది.

రచయితలు గెలవనే లేదని కాదు. వయసు మళ్లిందని తమను పక్కన పెట్టారంటూ టీవీ రచయితలు నెట్‌వర్కులు, స్టూడియోలు, టాలెంట్ ఏజెన్సీల మీద 2000లో మొదలుపెట్టిన పోరాటం 2010లో 7 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. పదేళ్లు! మీ అమ్మాయికి చదువయ్యాక పని చేయడానికి ఓపీటీ (విదేశీ విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి) కింద దొరికేది 12 నెలలు, అందులో పని లేకుండా ఉండగలిగేది 90 రోజులే. ఆ రోజులను కోర్టు గుమ్మం దగ్గర కరిగించవద్దని నా గట్టి సలహా.

అయితే వచ్చిన ప్రతి జవాబునూ తేదీతో సహా దాచుకోమనండి. ఎవరైనా యాస గురించో, పేరు గురించో, ‘ఇండియన్ కథలు ఇక్కడ నడవవు’ అనో రాస్తే, అది సిఫార్సు సంగతి కాదు. వెంటనే ఉద్యోగ వివక్ష కేసులు చూసే లాయర్‌ను కలవాలి. కాలిఫోర్నియా పౌరహక్కుల శాఖలో ఫిర్యాదుకు 3 ఏళ్లు, ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీలో అయితే 300 రోజుల గడువు ఉంటుంది.

ఇక సిఫార్సు సంగతి. దానికి సినిమా కుటుంబంలో పుట్టనక్కర్లేదు. ఆమె థీసిస్ చదివిన ప్రొఫెసర్, ఇప్పుడు ఏదో ఏజెన్సీలో ఫోన్లు ఎత్తుతున్న క్లాస్‌మేట్, వీళ్లే ఆ ‘తెలిసినవాళ్లు’. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి మొహమాటపడి ఏడాదిపాటు ప్రొఫెసర్‌ను అడగలేదు. అడిగిన రోజే ఆయన రెండు వాక్యాల మెయిల్ పంపారు. కొత్త స్క్రీన్‌రైటర్లకు ఆస్కార్ అకాడమీ ఇచ్చే నికోల్ ఫెలోషిప్‌కు కూడా 2025 నుంచి నేరుగా పంపడం కుదరదు. భాగస్వామ్య యూనివర్సిటీల ద్వారానో, ‘బ్లాక్ లిస్ట్’ అనే స్క్రిప్ట్‌ల వెబ్‌సైట్ లాంటి వేదికల ద్వారానో వెళ్లాలి. తన కాలేజీ ఆ జాబితాలో ఉందేమో ఈ వారమే కనుక్కోమనండి.

చివరిగా డబ్బు సంగతి. కాలిఫోర్నియాలో టాలెంట్ ఏజెంట్‌కు లేబర్ కమిషనర్ లైసెన్స్ ఉండాలి. పని కుదిరాక మామూలుగా 10 శాతం కమీషన్ తీసుకుంటారు. చేర్చుకోవడానికి ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు అడగడం అక్కడ చట్టవిరుద్ధం. సిఫార్సు మేమే ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, దయచేసి ఒక్క రూపాయి కూడా పంపకండి.