పాస్‌పోర్టు రెన్యువల్‌లో ఉన్నా ఇంగ్లండ్‌లో ఓటు వేయవచ్చు

మీ భారత పాస్‌పోర్టు రెన్యువల్‌కు వెళ్లిందని, కౌన్సిల్ ఎన్నికలకు చేతిలో విశ్వవిద్యాలయం కార్డు, మన దేశపు డ్రైవింగ్ లైసెన్సు మాత్రమే ఉన్నాయని రాశారు. ఆ రెండూ పనికిరావండి. 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలకు ఫొటో గుర్తింపు తప్పనిసరి, అదీ ప్రభుత్వం ఆమోదించిన రకాల్లో ఒకటై ఉండాలి. పోలింగ్ కార్డు చూపినా సరిపోదు.

ముందు ఇల్లంతా వెతికి మీ పాత బీఆర్‌పీ కార్డు (బ్రిటన్‌లో ఉండేందుకు ఇచ్చిన ఫొటో నివాస అనుమతి కార్డు) తీయండి. గడువు తీరినా ఫొటోలో మీరేనని తెలుస్తుంటే చాలు, అంగీకరిస్తారు. ఇది చాలామందికి తెలియక ఓటు వదులుకుంటున్నారు, బాధగా ఉంటుంది.

అది దొరక్కపోతే ఓటరు అథారిటీ సర్టిఫికెట్‌కు, అంటే ఓటు వేయడానికే ఇచ్చే ఫొటో గుర్తింపు పత్రానికి, ఈరోజే దరఖాస్తు చేయండి. రుసుము లేదు. ఫొటో, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (బ్రిటన్‌లో సామాజిక భద్రత చందాల కోసం ఇచ్చే వ్యక్తిగత సంఖ్య) దగ్గర పెట్టుకుంటే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే పని అయిపోతుంది. పోలింగ్‌కు ఆరు పని దినాల ముందు సాయంత్రం 5 గంటలతో గడువు ముగుస్తుంది.

ఇక పేరు సంగతి. మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. ఓటర్ల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, కార్డులో పూర్తిగా ఉంటే భయపడనక్కర్లేదు, చిన్న తేడాలను పట్టించుకోరు. పెళ్లయ్యాక మీ భార్య ఇంటిపేరు మారి ఉంటే మాత్రం వివాహ ధ్రువపత్రం వెంట తీసుకెళ్లమనండి.

పోస్టల్ ఓటుకు ఈ ఫొటో గుర్తింపు అవసరం లేదు. స్కాట్లండ్, వేల్స్ కౌన్సిల్ ఎన్నికలకూ అక్కర్లేదు, కాబట్టి గ్లాస్గోలోని మీ తమ్ముడికి ఈ బెడద లేదు.