రాగి పళ్ళెం తిప్పబోయే మనవరాలికి

చిట్టీ,

సైన్స్ ఫెయిర్‌లో ఫారడే డిస్క్, అదే, అయస్కాంతం దగ్గర రాగి పళ్ళెం తిప్పి కరెంటు పుట్టించే పరికరం, చేస్తున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం.

పళ్ళెం, ఇరుసు, పిడి నీకు తెలిసినవే. ఒక తీగ ఇరుసుకి, ఒకటి అంచుకి రాసుకుంటూ ఉండాలి. తాకేచోట గరుకు కాగితంతో రుద్దు.

బల్బు మాత్రం పెట్టకు.

నేను టీచరుగా చేరిన రెండో ఏడు, ఇన్‌స్పెక్షన్ రోజున ఇదే పళ్ళేనికి టార్చి బల్బు తగిలించాను. చొక్కా తడిసేదాకా తిప్పాను. వెలిగితే ఒట్టు! వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆపై క్లాసంతా నవ్వు. అయస్కాంతం పాడైందని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. ఆ సాయంత్రం ఒక్కణ్ణే ల్యాబ్‌లో కూర్చుని కొద్దిపాటి కరెంటునైనా ముల్లు కదిపి చూపే గాల్వనోమీటర్ తగిలిస్తే, ముల్లు ఠక్కున పక్కకి జరిగింది. వెనక్కి తిప్పితే రెండో వైపుకి. పొద్దుటి నుంచీ కరెంటు పుడుతూనే ఉంది, నేనే చూడలేకపోయాను. 1831లో శాస్త్రవేత్త ఫారడే 12 అంగుళాల రాగి పళ్ళెం తిప్పినప్పుడు చూసిందీ ముల్లు కదలడమే. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పళ్ళేన్ని సెకనుకి 10 చుట్లు తిప్పినా 0.1 వోల్టు రావడం గగనం. ఎర్ర ఎల్ఈడీకైనా దాదాపు 2 వోల్టులు కావాలి. ఈ చిన్న లెక్క వేసుకోకుండా క్లాసులోకి వెళ్ళాను, బుద్ధిలేక.

పైగా అయస్కాంతం పళ్ళేనికి ఒక పక్కనే ఉంటే, పుట్టిన కరెంటు కొంత రాగిలోనే సుళ్ళు తిరిగి వృథా అవుతుంది. మన వరండాలోని పాత కరెంటు మీటర్ గుర్తుందా? అల్యూమినియం పళ్ళెం మీద గుర్తు ఎప్పుడు తిరిగొస్తుందా అని అన్నం మానేసి చూసేదానివి. ఆ పళ్ళెం ఇష్టమొచ్చినట్టు పరిగెత్తకుండా పట్టి ఉంచేది పక్కనున్న అయస్కాంతమే. కదిలే లోహంలో పుట్టిన ఆ సుడి కరెంటు కదలికకే అడ్డుపడుతుంది.

ఇక నా భయం. నువ్వు కొన్న నియోడిమియం అయస్కాంతాలు మహా బలమైనవి, బొటనవేలంత ఉన్నా, రెండూ అతుక్కునేటప్పుడు మధ్యలో వేలు పడితే నలిగిపోతుంది. అంతకంటే, తమ్ముడికి చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు. రెండు మింగితే పేగుల్ని మధ్యలో నొక్కేస్తాయి, ఆపరేషన్ దాకా పోతుంది. పని అవగానే డబ్బాలో పెట్టి బీరువాకి తాళం వెయ్యి. నవ్వకు, నిజంగానే చెప్తున్నా.

శనివారం బస్సుకి వస్తున్నాను. నా పాత గాల్వనోమీటర్ తుడిచి సంచిలో పెట్టుకున్నా. పిడి నువ్వే తిప్పు, నేను ముల్లు చూస్తాను.

మీ తాతయ్య