పూజగదిలోకి ప్రశ్నని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఒంగోలు దగ్గర పల్లె, పెళ్లయ్యాక చెన్నై వచ్చేశాం, నేను ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నా. మా అత్తయ్య రోజూ పొద్దున్నే విష్ణు సహస్రనామం చదువుతారు, శనివారం వస్తే టీ నగర్ వెంకటేశ్వరస్వామి గుడి తప్పదు, నేనూ పక్కన కూర్చుంటా. కానీ రమణ మహర్షి గారి పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక, 'నేనెవరు' అన్న ఒక్క ప్రశ్నే అసలైంది, ఈ దీపం, పువ్వులు, నామాలు అన్నీ ఉత్త అలవాటేమో అనిపిస్తోంది. చేస్తే నటిస్తున్నట్టుంది, మానేస్తే ఆవిడ బాధపడతారు, నాకూ ఏదో వెలితి. సత్యం వెతుక్కునేవాళ్లకి పూజ అవసరమా?
– ఒక పాఠకురాలు, షోలింగనల్లూర్

జవాబు: అమ్మా, రోజూ మీ పక్కన వినిపించే ఆ సహస్రనామం ఎక్కడ మొదలవుతుందో ఒకసారి పుస్తకం తీసి పూర్వపీఠిక చూడండి. యుద్ధం అయిపోయింది, అయినవాళ్లంతా పోయారు, గెలిచిన ధర్మరాజుకి గెలిచానన్న సంతోషం ఏ కోశానా లేదు. అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గర కూర్చుని ఆరు ప్రశ్నలు అడుగుతాడు. లోకంలో ఒకే ఒక్క దైవం ఎవరు, చివరికి చేరాల్సిన చోటు ఏది, ఎవర్ని స్తుతిస్తే, ఎవర్ని అర్చిస్తే మనుషులకి మేలు, అన్ని ధర్మాల్లోకీ గొప్పదని మీకు ఏది అనిపిస్తుంది, ఏది జపిస్తే ఈ పుట్టడం చావడం అనే బంధం వదులుతుంది, ఇవీ ఆయన అడిగినవి. శాస్త్రం ఏం చెప్తోంది అని ఊరుకోలేదు చూడండి, మీకు ఏది అనిపిస్తుంది అని ఆ పెద్దాయన్నే నిలదీసినట్టు అడిగాడు. ఆ వెయ్యి నామాలూ ఆ ప్రశ్నలకి వచ్చిన జవాబే, అనుశాసన పర్వంలో ఉంది. అంటే ఇంట్లో మీ అత్తయ్యది భక్తి, మీది ప్రశ్న అని మీరు రెండు గదులు కట్టుకున్నారు గానీ ఆవిడ చదివేదే ప్రశ్నలోంచి పుట్టింది.

వీలైతే ఒక శనివారం టీ నగర్ బదులు తిరువల్లికేణి పార్థసారథి గుడికి రండి, అత్తయ్యని కూడా తీసుకురండి. లోపల మూలవిరాట్టు వేంకటకృష్ణుడు, పెద్ద మీసంతో ఉంటాడు, చేతిలో శంఖం ఉంటుంది, చక్రం ఉండదు, యుద్ధంలో ఆయుధం పట్టనని మాటిచ్చాడు కదా. పక్కన రుక్మిణి, బలరాముడు, సాత్యకి, కొడుకు ప్రద్యుమ్నుడు, మనవడు అనిరుద్ధుడు, ఇల్లంతా ఉంటారు. ఇక ఉత్సవమూర్తి మొహం చూడండి, అది చూడ్డానికే రమ్మంటున్నా. ఆ మొహం మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి, భీష్ముడి బాణాలు తగిలిన గాయాలని చెప్తారు. అర్జునుడికి గీత చెప్పిన సారథి, ఆ దెబ్బలు అలాగే ఉంచుకుని వీధుల్లో ఊరేగుతాడు. ఆ బాణాలు వేసిన మనిషే, ఆఖర్లో తన ఒళ్లంతా బాణాలు దిగబడి ఉండగా, అదే కృష్ణుడు ఎదురుగా ఉండగా, ఆ వెయ్యి నామాలు చెప్పాడు. నాకైతే భక్తి అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే మొహం చెన్నైలో ఇంకెక్కడా లేదు. ఎదురు నిలబడి బాణం వేసినవాడికే లేని భయం, ఓ ప్రశ్న అడిగినందుకు మీకెందుకమ్మా?

ఇక రమణుల సంగతి. 1896లో మదురైలో పదహారేళ్ల కుర్రాడిగా ఉన్నప్పుడు చావు భయం వచ్చి, పడుకుని, చచ్చేది ఎవరు అని లోపలికి చూశారు, అది అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆయన గుళ్లు మానేయలేదు, పైగా మీనాక్షి గుడికి ఇంతకుముందు కంటే ఎక్కువగా వెళ్లి ఆ మూర్తుల ముందు కళ్లనీళ్లతో నిలబడేవారు, అది మాత్రం చాలామంది వదిలేస్తారు. అదే ఏడాది సెప్టెంబర్ 1న తిరువణ్ణామలైలో దిగి నేరుగా వెళ్లింది అరుణాచలేశ్వరుడి గర్భగుడికే. శిష్యులు భిక్షకి వెళ్తూ పాడుకోడానికి అరుణాచలుడి మీద 108 ద్విపదలు రాసిచ్చారు, అందులో ఒక ఆడపిల్ల ప్రియుణ్ణి బతిమాలినట్టు, దెప్పినట్టు ఉంటుంది, అది జ్ఞాని రాసిందే. ఆయన ఉపదేశసారం 30 పద్యాలే, తెలుగులో కూడా ఆయనే రాశారు, దొరికితే చదవండి. ఒంటితో పూజ, నోటితో జపం, మనసుతో ధ్యానం, ఒకదాని కంటే ఒకటి పైది అంటారు అందులో, ఆ తర్వాతే విచారణలోకి తీసుకెళ్తారు. పూజని తీసి పారేయలేదు, దాని చోటు దానికి ఇచ్చారు.

గీత ఏడో అధ్యాయంలో కూడా నన్ను భజించేవాళ్లు నాలుగు రకాలు అంటాడు కృష్ణుడు, కష్టంలో ఉన్నవాడు, తెలుసుకోవాలన్నవాడు, ఏదో కావాలన్నవాడు, జ్ఞాని, ఇందులో మీరు రెండోవారు, అందరూ ఉదారులే అని ఆయనే అన్నాడు, ఇంకెవరి సర్టిఫికెట్టూ మీకు అక్కర్లేదు.

ఇప్పుడు నటన సంగతి. రేపు పొద్దున కూర్చున్నప్పుడు నామాలు నడుస్తుండగా విసుగొస్తుంది, స్టాండప్ మీటింగ్ గుర్తొస్తుంది, వస్తే రానివ్వండి, అప్పుడు మీరు చదివింది వాడండి, ఈ విసుగు ఎవరికి, ఈ మీటింగ్ గుర్తొచ్చింది ఎవరికి అని ఒక్కసారి లోపలికి చూసి మళ్లీ నామం వినండి. రమణులు చెప్పిన విచారణ అదే కదా, దానికి వేరే రూమూ వేరే టైమూ అక్కర్లేదు, ఆవిడ గొంతు వినిపిస్తుండగానే చెయ్యొచ్చు. అంతకీ కుదరకపోతే అత్తయ్యతో నేరుగా చెప్పండి, నాకు ఇలా ఉందండీ అని. ఇన్నేళ్లుగా చదువుతున్న మనిషి, ఆవిడకీ ఇలాంటి రోజులు వచ్చే ఉంటాయి, మీరు అడగలేదు కాబట్టి చెప్పలేదేమో.

ప్రశ్న: ఆఫీసు, ట్రాఫిక్‌తో గుడికెళ్లే టైమ్ దొరకట్లేదు. ఫోన్‌లోనే అర్చన బుక్ చేసి లైవ్‌లో చూస్తున్నా. ఫలితం ఉంటుందా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: ఒంట్లో బాలేనప్పుడు, ఊళ్లో లేనప్పుడు నిక్షేపంలా చేసుకోండి. ఆకైనా పువ్వైనా పండైనా నీళ్లైనా భక్తితో ఇస్తే చాలని గీతలో అన్న కృష్ణుడికి ఫోన్ అడ్డం కాదు. కాకపోతే అర్చన నడుస్తుంటే ఇంకో విండోలో మెయిల్స్ చూస్తున్నారా, అది మీకే తెలియాలి. వేళచ్చేరిలో దండీశ్వరుడి గుడి ఉందిగా, పాతకాలం గుడి, నెలకోసారి నడిచెళ్లి పది నిమిషాలు కూర్చుని రండి.

ప్రశ్న: మా ఫ్రెండ్ ఒక గురువుగారి దగ్గర దీక్ష తీసుకున్నాడు, నన్నూ రమ్మంటున్నాడు. మొదటి లెవెల్‌కి ఒక ఫీజు, రెండోదానికి ఇంకో ఫీజు, ప్రశ్నలు అడిగితే నీకింకా అహంకారం పోలేదు అంటున్నారు. నమ్మాలా?
– ఒక పాఠకుడు, అంబత్తూర్

జవాబు: ఫీజు కంటే ఆ రెండో మాట నన్ను ఎక్కువ భయపెట్టింది నాయనా. గీత నాలుగో అధ్యాయంలో జ్ఞానం ఎలా సంపాదించాలో చెప్తూ నమస్కారంతో, సేవతో పాటు బాగా ప్రశ్నించి తెలుసుకో అని కృష్ణుడే అన్నాడు, ఆయన అడగమన్నదాన్ని ఈయన వద్దంటే ఎవరి మాట వినాలి? మెరీనా ఎదురుగా ఐస్‌హౌస్ ఉంది చూడు, ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్నారు, 1897లో అమెరికా, యూరప్ తిరిగొచ్చాక స్వామీజీ ఉన్న ఇల్లు అది. ఆయన కుర్రాడిగా రామకృష్ణుల దగ్గరికి వెళ్లిన కొత్తల్లో గుడ్డిగా నమ్మలేదు, వాదించాడు, డబ్బు తాకలేనంటారు కదా నిజమో కాదో చూద్దామని పరుపు కింద నాణెం పెట్టి మరీ పరీక్షించాడు. రామకృష్ణులకి కోపం రాలేదు సరికదా, షరాబు నాణేన్ని చూసినట్టు నన్ను పరీక్షించి చూసుకో అన్నారు. ఆశ్రమం నడవాలంటే కరెంటు బిల్లు, బియ్యం, అన్నీ కావాలి, ఖర్చుకి తీసుకోవడం వేరు, లెవెల్ పెరిగేకొద్దీ సత్యం రేటు పెరగడం వేరు. డబ్బు కట్టకుండా, కొన్నాళ్లు ఊరికే వెళ్లి కూర్చుని, ఆయన తన డ్రైవర్‌తో, వంటమనిషితో ఎలా మాట్లాడుతున్నారో గమనించు. ఆ పాటి టైమ్ కూడా ఇవ్వనంటే వచ్చేయ్.

ప్రశ్న: నేను టెస్టింగ్‌లో ఉన్నా. ప్రాజెక్టులో పని తక్కువ ఉన్నా టైమ్‌షీట్‌లో రోజుకి ఎనిమిది గంటలూ క్లయింట్ మీదే వెయ్యమంటారు, చెయ్యని టెస్టులు కూడా అయిపోయాయని పెట్టమంటారు. సాయంత్రం కపాలీశ్వరుడి గుడికెళ్లి నిలబడితే సిగ్గేస్తోంది. ఈఎంఐలు ఉన్నాయి, ఉద్యోగం మానలేను.
– ఒక పాఠకుడు, మైలాపూర్

జవాబు: మానమని నేను చెప్పను. ఇంటి బాధ్యత మీకున్నంత నాకు లేదు, అలా చెప్పడం సులభం. కానీ ఆ సిగ్గుని పోగొట్టుకోకండి, ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నిట్లో నాకు బాగా నచ్చింది అదే.

ఛాందోగ్య ఉపనిషత్తులో సత్యకాముడని ఓ పిల్లాడు ఉంటాడు. గురువు దగ్గర చేరాలి, అక్కడ గోత్రం అడుగుతారు, వాళ్లమ్మ జబాలని అడిగితే, నేను నలుగురిళ్లల్లో పనిచేస్తూ తిరిగిన రోజుల్లో పుట్టావు నాన్నా, గోత్రం నాకు తెలీదు, నీ పేరు సత్యకాముడు, నా పేరు జబాల, అదే చెప్పుకో అంటుంది. వాడు వెళ్లి ఆ మాటలు ఒక్కటీ దాచకుండా గౌతముడి ముందు చెప్పేశాడు. ఏదో ఒక గోత్రం చెప్పుంటే ఎవరూ వెతకరు కూడా. గౌతముడు, సమిధలు తీసుకురా, నువ్వు సత్యం నుంచి పక్కకి పోలేదు, నీకు ఉపనయనం చేస్తానన్నాడు. బ్రహ్మవిద్య తర్వాత సంగతి, ముందు ఆ ఒక్క మాట చూసి తలుపు తీశాడు.

మీ చేత్తో టైప్ చేసేది ఏది, పైవాళ్లు చేసేది ఏది, ముందు విడదీసుకోండి. చెయ్యని టెస్టు మీ పేరు మీద పడుతుంది కాబట్టి అక్కడ పెండింగ్ అనే పెట్టండి, ఎందుకు కాలేదో ఒక లైన్ రాయండి, ఇది ఇవాళే చెయ్యొచ్చు. గంటల విషయంలో, చాలా కంపెనీల్లో ప్రాజెక్టు పని లేని టైమ్‌కి వేరే ఇంటర్నల్ కోడ్ ఉంటుంది, మిగిలిన గంటలు ఏ కోడ్‌లో వెయ్యాలి సార్ అని మేనేజర్‌కి మర్యాదగా మెయిల్ పెట్టండి, నోటిమాటగా వద్దు. మెయిల్‌లో అడిగితే చాలామంది అబద్ధం రాయమని తిరిగి రాయరు. రాశారనుకోండి, అప్పుడు పక్క టీమ్‌లోకి మారే ప్రయత్నం మొదలెట్టండి, ఈఎంఐ ఆగకుండానే. కపాలీశ్వరుడి గుడికి మాత్రం ఈ లోపు మానకండి, సిగ్గుతోనే వెళ్లండి. ఆ మెయిల్‌కి ఏం జవాబొచ్చిందో మాకు రాయండి, పేరు వెయ్యం.