‘దాదాపు ఖరారు’ అంటే ఇంకా ఖరారు కాలేదని

కొత్త ఫుట్‌బాల్ సీజన్‌కి ఇంకా కొన్ని వారాలుంది. గ్రౌండ్‌లో బంతి కదలకపోయినా ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ట్రాన్స్‌ఫర్ల గురించే, అంటే ఆటగాళ్ళు క్లబ్బులు మారడం గురించే, అందుకని ఈ విడత శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: ఒకే ఆటగాడు సోమవారం ఒక క్లబ్‌కి, బుధవారం ఇంకో క్లబ్‌కి వెళ్తున్నాడంటారు, శనివారానికి ఎక్కడికీ వెళ్ళట్లేదని రాస్తారు. పొద్దున లేవగానే ఫోన్ చూసుకోవడం, ఉసూరుమనడం నాకు అలవాటైపోయింది. వీటిలో ఏది నమ్మాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: వార్త చదవగానే ఆటగాడి సంగతి కాసేపు పక్కన పెట్టి, ఈ మాట బయటికి రావడం వల్ల ఎవరికి పని జరుగుతుందో ఆలోచించండి. ఇన్నేళ్ళుగా ఈ వార్తలు చదువుతూ నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన ప్రశ్న ఇదే. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ట్రాన్స్‌ఫర్ల విషయంలో పొగబెట్టేవాళ్ళు వేరే ఉంటారు. కాంట్రాక్ట్ ఇంకో ఏడాదో రెండేళ్ళో మిగిలిన ఆటగాడి ఏజెంట్‌కి, ఫలానా పెద్ద క్లబ్ మావాడి మీద కన్నేసిందన్న మాట పేపర్లో పడితే చాలు, పాత క్లబ్ జీతం బేరానికి తొందరగా దిగొస్తుంది. అమ్మే క్లబ్‌కి ఇద్దరు పోటీ పడుతున్నట్టు కనిపిస్తే ధర పెరుగుతుంది. కొనే క్లబ్‌కి కూడా, మేం ఊరికే కూర్చోలేదని అభిమానులకు చెప్పుకోవాల్సిన అవసరం ఉంటుంది. 2015 వేసవి గుర్తుందా? సెర్హియో రామోస్ రియల్ మాడ్రిడ్ వదిలి మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్తాడని వారాల తరబడి రాశారు, చివరికి ఆగస్టులో రియల్‌తోనే 2020 దాకా కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాడు.

తర్వాత మాటల బరువు చూడండి. ‘ఆసక్తి చూపుతోంది’ అన్నదానికి నేను విలువే ఇవ్వను, పెద్ద క్లబ్బులు ఒక్కో స్థానానికి బోలెడు పేర్లు రాసుకుని అందరి గురించీ వాకబు చేస్తాయి. ‘బిడ్ వేశారు’ అంటే కొంచెం నయం, ఎందుకంటే వెయ్యకపోతే అవతలి క్లబ్ వెంటనే కాదనేస్తుంది. ‘రెండు క్లబ్బులూ ఒప్పుకున్నాయి’ అన్నా కూడా అయిపోయినట్టు కాదు! 2023 ఆగస్టులో మోయిసెస్ కైసెడో కోసం లివర్‌పూల్ బ్రైటన్‌తో 11 కోట్ల 10 లక్షల పౌండ్లకు ఒప్పందం చేసుకుంది, మేనేజర్ యుర్గెన్ క్లాప్ ప్రెస్ మీట్‌లో కూర్చుని క్లబ్‌తో ఒప్పందం కుదిరిందని తన నోటితోనే చెప్పాడు. కానీ కుర్రాడు చెల్సీకే వెళ్తానన్నాడు. మూడు రోజులు తిరక్కుండానే 10 కోట్లకు, షరతులు నెరవేరితే ఇంకో కోటిన్నరకు చెల్సీలో చేరిపోయాడు. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఒప్పుకున్నాక కూడా మూడో మనిషి ఒప్పుకోవాలి, ఆ మూడో మనిషి సరుకు కాదు మరి. ట్రాన్స్‌ఫర్ వార్తలు రాసే విలేకరి ఫాబ్రిజియో రొమానో ‘హియర్ వీ గో’ అనేదాకా చాలామంది ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూసేది ఇందుకే, అన్ని వైపుల నుంచీ సరే అన్నాక గానీ ఆయన ఆ మాట వాడడు.

ప్రశ్న: మెడికల్, అంటే కొనేముందు చేసే వైద్య పరీక్ష, పేరుకేనా? అంతదాకా వచ్చాక కూడా ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుందా?

జవాబు: ఆగిపోతుందండీ. గుండె, కండరాలు, కీళ్ళు, పాత గాయాల స్కాన్‌లు అన్నీ చూస్తారు. 2000 ఏప్రిల్‌లో రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్ నెదర్లాండ్స్ క్లబ్ పీఎస్‌వీ నుంచి మాంచెస్టర్ యునైటెడ్‌కి రావడం ఖాయమనుకున్నారు, మోకాలి మీద అనుమానంతో యునైటెడ్ ఆగిపోయింది. కొద్ది రోజులకే ప్రాక్టీస్‌లో గోల్ ముందు బంతి కోసం ఎగిరి దిగేసరికి అదే మోకాలి లిగమెంట్ తెగిపోయింది. అతను నేల మీద పడి అరిచిన అరుపు కెమెరాలో రికార్డయింది, చూడాలంటే ఇప్పటికీ మనసు ఒప్పదు. ఇంతటితో కథ ముగిసిందనుకున్నారు. యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ మాత్రం అతన్ని వదల్లేదు, కోలుకునేదాకా ఆగి మరుసటి ఏడాది కోటి 90 లక్షల పౌండ్లకు తీసుకున్నాడు. యునైటెడ్ తరఫున 219 మ్యాచ్‌ల్లో 150 గోల్స్ కొట్టాడు. మెడికల్ అంటే నాకు గుర్తొచ్చేది ఆ మోకాలే.

ప్రశ్న: అన్నా, నేను తొమ్మిదో తరగతి. న్యూకాసిల్ అంటే నాకు ప్రాణం. ఇసాక్ ట్రైనింగ్‌కి కూడా రాకుండా మొండికేసి లివర్‌పూల్‌కి వెళ్ళిపోయాడు. ఇది ద్రోహం కాదా? అతని పేరున్న జెర్సీ వేసుకోవాలంటే ఏడుపొస్తోంది.

జవాబు: తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది, అది చిన్న బాధేం కాదు. 2025 మార్చిలో వెంబ్లీలో అదే లివర్‌పూల్ మీద లీగ్ కప్ ఫైనల్‌లో రెండో గోల్ కొట్టింది ఇసాకే కదా, 70 ఏళ్ళ తర్వాత దేశంలో ఒక పెద్ద కప్పు న్యూకాసిల్‌కి వచ్చింది ఆ రోజే. అలాంటివాడు ఆరు నెలలు కూడా నిండకుండానే, టీమ్‌తో ఆసియా టూర్‌కి రాకుండా, తన పాత క్లబ్ రియల్ సొసీడాడ్‌లో ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకుని, సెప్టెంబర్ 1న 12 కోట్ల 50 లక్షల పౌండ్లకు వెళ్ళిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. ఇంగ్లండ్‌లో అంత డబ్బు అప్పటిదాకా ఎవరికీ ఇవ్వలేదు. వెళ్ళాలనుకోవడం తప్పు కాదు, ఆటగాడికి ఉన్నది పది పన్నెండేళ్ళ కెరీర్. వెళ్ళిన పద్ధతి మాత్రం నాకూ నచ్చలేదు, కాంట్రాక్ట్ ఉన్నంతకాలం ప్రాక్టీస్‌కి రావాల్సిందే.

ఇంకో సంగతి కూడా విను. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనా వదిలింది తన ఇష్టంతో కాదు. జీతం సగానికి తగ్గించుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు, అయినా క్లబ్ ఆర్థిక పరిస్థితి వల్ల లీగ్ నిబంధనల ప్రకారం అతన్ని రిజిస్టర్ చేయడం కుదరలేదు. 13 ఏళ్ళప్పుడు చేరిన క్లబ్ అది. మైకు ముందు నిలబడి మాట రాక ఏడుస్తుంటే భార్య టిష్యూ అందించింది. ఉండిపోవాలనుకున్నవాడు ఉండలేకపోయాడు, వెళ్ళాలనుకున్నవాడిని ఆపలేకపోయారు. ఆ జెర్సీ పారేయొద్దు, వెంబ్లీ గోల్ నాటిది అది. కొన్నాళ్ళు బీరువాలో ఉండనీ.

ప్రశ్న: కాంట్రాక్ట్ అయిపోతే పైసా ఇవ్వకుండా తీసుకుపోవచ్చా? పాత క్లబ్‌కి అన్యాయం కదా?

జవాబు: ఇది తెలియాలంటే బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మన్ గురించి తెలియాలి. 1990లో లియెజ్ క్లబ్‌తో అతని కాంట్రాక్ట్ ముగిసింది. కొత్త కాంట్రాక్ట్‌లో జీతం పావు వంతుకి కోసేశారు, పోనీ ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్‌కి వెళ్తానంటే ట్రాన్స్‌ఫర్ డబ్బు కట్టాలని పట్టుబట్టారు, ఆ బేరం చెడిపోయింది. కాంట్రాక్ట్ లేని మనిషిని కూడా కట్టేసి ఉంచడమే అది. ఐదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాక 1995 డిసెంబర్ 15న యూరోపియన్ కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. ఇప్పుడు కాంట్రాక్ట్ చివరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే క్లబ్‌తో ముందే ఒప్పందం చేసుకోవచ్చు, 2024లో ఎంబాపే పీఎస్‌జీ నుంచి రియల్ మాడ్రిడ్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండా వెళ్ళింది కాంట్రాక్ట్ ముగిసిందనే. క్లబ్‌కి నష్టమే, కాదనను, కానీ నేను బోస్మన్ వైపే. ఆ తీర్పు ఎందరినో కోటీశ్వరుల్ని చేసింది, కేసు వేసిన మనిషి మాత్రం కెరీర్ పోగొట్టుకుని డబ్బుకి కటకటలాడాడు. ఫ్రీగా మారే ప్రతి స్టార్ అతనికి రుణపడి ఉన్నాడు.

ప్రశ్న: చెల్సీ ఎనిమిదేళ్ళ కాంట్రాక్ట్‌లు ఎందుకిచ్చింది?

జవాబు: లెక్కల కోసం. ఆటగాడి ధరని క్లబ్ పుస్తకాల్లో కాంట్రాక్ట్ ఏళ్ళ మీద పంచి రాస్తారు. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ని 10 కోట్ల 68 లక్షల పౌండ్లకు ఎనిమిదిన్నరేళ్ళకు తీసుకున్నారు, అంటే ఏడాదికి పడేది సుమారు కోటి 25 లక్షలే. ఐదేళ్ళకైతే 2 కోట్లు దాటేది. ఆ కిటుకు చూశాక యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే యూఎఫా, తర్వాత ప్రీమియర్ లీగ్ కూడా పంపకాన్ని ఐదేళ్ళకు పరిమితం చేశాయి. ఈ లెక్కల్లో నాకు బాధ కలిగించేది వేరే ఉంది. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధర లేదు గనక, అతన్ని అమ్మితే వచ్చిందంతా లాభం కిందే రాసుకోవచ్చు. చిన్నప్పటి నుంచీ క్లబ్‌నే నమ్ముకున్నవాడే మొదట అమ్మకానికి పనికొస్తున్నాడు.

ప్రశ్న: విండో, అంటే ట్రాన్స్‌ఫర్లకు ఇచ్చిన గడువు, మూసే రోజు అంత టెన్షన్ ఎందుకు? రెండు నెలలు ఏం చేస్తారు?

జవాబు: ఒకరికోసం ఒకరు ఆగుతారు. మీ స్ట్రైకర్‌ని అమ్మాలంటే బదులు ఇంకొకడు దొరకాలి, వాడి క్లబ్‌కి మరొకడు కావాలి, మొదటి సంతకం పడేదాకా వరసలో ఉన్నవాళ్ళంతా కాచుకుని ఉండాల్సిందే. 2015 ఆగస్టు 31 రాత్రి గోల్‌కీపర్ డేవిడ్ డి హేయా యునైటెడ్ నుంచి రియల్ మాడ్రిడ్‌కి, కేలర్ నవాస్ ఇటు రావాలి. కాగితాలు గడువులోపు చేరలేదు, మర్నాడు రెండు క్లబ్బులూ ఒకదాన్నొకటి తప్పుపడుతూ ప్రకటనలిచ్చాయి. లెస్టర్ అయితే 2017లో ఏడ్రియన్ సిల్వా రిజిస్ట్రేషన్‌ని 14 సెకన్లు ఆలస్యంగా పంపింది. పద్నాలుగంటే పద్నాలుగు సెకన్లు! ఫిఫా ఒప్పుకోలేదు, పాపం అతను జనవరి దాకా మ్యాచ్ ఆడలేకపోయాడు.

ప్రశ్న: ఎవరూ ఆడగా చూడని పదహారేళ్ళ కుర్రాళ్ళ గురించి ‘కాబోయే మెస్సీ’ అని రాస్తుంటారు. నమ్మొచ్చా?

జవాబు: ఆట చూసేదాకా వద్దు. 2009 జనవరిలో లండన్ టైమ్స్ పత్రిక ఎదుగుతున్న 50 మంది కుర్రాళ్ళ జాబితాలో 30వ స్థానంలో మసాల్ బుగ్దువ్ అనే మాల్డోవా ఆటగాడిని వేసింది. అలాంటి మనిషే లేడు, ఎవరో ఇంటర్నెట్‌లో కల్పించి వదిలిన పేరు అది.

ప్రశ్న: మా క్లబ్ ఇంతవరకూ ఒక్కర్నీ కొనలేదు. పక్క క్లబ్బులన్నీ రోజుకో కొత్త ముఖం చూపిస్తున్నాయి. ఈ సీజన్ మా గతేమిటి?

జవాబు: గాయాలైతే ఇబ్బంది పడతారు, అది నిజం. కానీ 2018 వేసవిలో టోటెన్‌హామ్ ఒక్కర్ని కూడా కొనలేదు, విండో పద్ధతి వచ్చాక అప్పటిదాకా ప్రీమియర్ లీగ్‌లో ఏ క్లబ్బూ వేసవిని అలా గడపలేదు. తర్వాతి జనవరిలోనూ కొనలేదు. అయినా లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్ళి అక్కడ లివర్‌పూల్ చేతిలో ఓడింది. సెమీస్ రెండో మ్యాచ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో, సగం ఆట అయ్యేసరికి మొత్తం మీద అయాక్స్ 3-0 ముందుంది. రెండో సగంలో లూకాస్ మౌరా రెండు గోల్స్ కొట్టాడు, 90 నిమిషాలకు కలిపిన సమయంలో ఆరో నిమిషాన, ఇక విజిల్ ఊదడమే తరువాయి అనగా ఎడమ కాలితో మూడోది కొట్టాడు. మొత్తం 3-3 అయినా, అప్పటి పద్ధతి ప్రకారం అవతలి గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినందుకు టోటెన్‌హామ్ ఫైనల్‌కి వెళ్ళింది. అతను 2018 జనవరిలోనే పీఎస్‌జీ నుంచి వచ్చి, ఆ వేసవికి ముందే టీమ్‌లో ఉన్నాడు.