కోచ్ పేరు మార్చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: సార్, నేను టీవీకి, వెబ్ సిరీస్‌లకు కథలు రాస్తుంటాను. అమ్మాయిల జట్టుకు శిక్షణ ఇచ్చే ఒక కోచ్ తన దగ్గర చేరిన మైనర్లపై లైంగిక దాడి చేశాడని మూడేళ్ల కిందట సెషన్స్ కోర్టు జైలు శిక్ష వేసింది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోతో పాటు అత్యాచారం సెక్షన్ కూడా ఉంది. అప్పీలు హైకోర్టులో నడుస్తోంది, అతను బెయిల్ మీద బయటే ఉన్నాడు. ఈ కేసు మీద టీవీ ఫిల్మ్ రాశాను, స్క్రిప్టు జత చేస్తున్నాను. ఆ అమ్మాయిల్లో ఒకరు ఇప్పుడు మేజర్, తన కథ చెప్పడానికి నోటిమాటగా ఒప్పుకుంది. అమెరికాలో ఇలాంటి కేసు మీద అసలు పేర్లతోనే సినిమా వచ్చింది, మనమెందుకు తీయకూడదు అంటాడు మా దర్శకుడు. పేరు మార్చి, మొదట్లో ‘అంతా కల్పితం’ అని కార్డు వేస్తే చాలంటారు నిర్మాత. కోచ్ భార్య దగ్గర కథ హక్కులు కొనేయమని ఇంకొకరి సలహా. కోచ్ కోర్టుకెక్కుతాడేమోనని నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. – పేరు వద్దన్న రచయిత

జవాబు: టెన్షన్ పడటం మంచిదే, కాకపోతే మీరు పడాల్సింది కోచ్ గురించి కాదు. స్క్రిప్టు మొత్తం చదివాను. అందులో మిమ్మల్ని కోర్టు మెట్లెక్కించగల వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వరసలో కోచ్ చివర్లో ఎక్కడో ఉంటాడు.

ముందు అతని సంగతి చూద్దాం. వరస హత్యల దోషి ఆటో శంకర్ ఆత్మకథ వివాదంలో (రాజగోపాల్ కేసు, 1994) సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. కోర్టు రికార్డుల్లాంటి పబ్లిక్ రికార్డుల్లోకి ఎక్కిన విషయం గురించి రాయడానికి ఆ మనిషి అనుమతి అక్కర్లేదు. పరువు నష్టం నేరం ఇప్పుడు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. శిక్ష రెండేళ్ల వరకు ఉండొచ్చు. నిజం చెప్పడం, అదీ ప్రజాహితం కోసం చెప్పడం దానికి మినహాయింపు. కాబట్టి తీర్పులో రుజువైందని రాసినంత మేరకు మీకు రక్షణ ఉంది. మీరు తీర్పు దాటి వెళ్లిన సన్నివేశాలు నేను లెక్కపెడితే నాలుగు తేలాయి. వాటిలో కోచ్ చిన్ననాటి ఫ్లాష్‌బ్యాక్ కూడా ఒకటి. అది ఎక్కడి నుంచి తెచ్చారో మీకే తెలియాలి.

అప్పీలు తేలకపోవడం చిన్న విషయం కాదు. కోర్టు ధిక్కార చట్టం దృష్టిలో అప్పీలు తేలేవరకు కేసు నడుస్తున్నట్టే లెక్క. 1993 బాంబే పేలుళ్ల మీద తీసిన సినిమాను విచారణ సాగుతుండగా నిందితులు అడ్డుకున్నారు. 2005లో హైకోర్టు ఆపితే, అది తెరమీదికి వచ్చేసరికి 2007 ఫిబ్రవరి అయింది. మీ కేసులో శిక్ష పడిపోయింది కాబట్టి మీ పరిస్థితి అంతకంటే మెరుగే. కానీ హైకోర్టు రేపు నిర్దోషి అంటే మీ క్లైమాక్స్ ఏమవుతుంది? సినిమాను సెషన్స్ తీర్పు దగ్గరే ముగించి, అప్పీలు పెండింగులో ఉందని తెరమీద వేయండి.

ఇక అమెరికా. మీ దర్శకుడు చెబుతున్నది పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ వ్యవహారం. అసిస్టెంట్ కోచ్ శాండస్కీ 2012లో 45 అభియోగాల్లో దోషిగా తేలాడు. 2018లో వచ్చిన టీవీ సినిమా మాత్రం అతని చుట్టూ కాదు, హెడ్ కోచ్ జో పటెర్నో చుట్టూ తిరుగుతుంది. పటెర్నో మీద ఏ కేసూ పెట్టలేదు. 2011 నవంబర్‌లో ఉద్యోగం పోయింది, 2012 జనవరిలో ఆయన పోయారు. ఆయనకు ఎంత తెలుసు, ఎప్పుడు తెలుసు అన్నదే ఆ సినిమా. అంత ధైర్యంగా తీయగలిగారంటే అక్కడి చట్టం వేరు. చనిపోయిన మనిషి తరఫున పరువు నష్టం దావా అక్కడ నిలవదు. బతికున్నా, ప్రముఖుడైతే అవతలివాళ్లు తెలిసి తెలిసి అబద్ధం రాశారనో, నిజమో కాదో పట్టించుకోకుండా రాశారనో అతనే రుజువు చేయాలి. ఇక్కడ నిజమని రుజువు చేసుకోవాల్సింది మీరు. చనిపోయినవాళ్ల విషయంలో కూడా, కుటుంబాన్ని నొప్పించాలనే ఉద్దేశంతో అన్న మాటైతే, నేరం కావచ్చని 356వ సెక్షన్ వివరణే చెబుతోంది.

మీ స్క్రిప్టులో పటెర్నో లాంటి మనిషి ఉన్నాడు. అసోసియేషన్ సెక్రటరీ. ముప్పై ఒకటో సీన్లో ఒక తండ్రి ఫిర్యాదు తెస్తే, ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, కోచ్ దగ్గర కవరు తీసుకుంటాడు. సీన్ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ తీర్పులో ఆ కవరు లేదు, సెక్రటరీ మీద చార్జిషీటూ లేదు. కోర్టు కోచ్‌ను దోషి అంది కానీ అతని చుట్టూ ఉన్నవాళ్లందరినీ అనలేదు. ఆ అసోసియేషన్‌కు ఆ రోజుల్లో ఉన్నది ఒక్కడే సెక్రటరీ. మీరు ఏ పేరు పెట్టినా అది తన గురించేనని ఆయనకు తెలుస్తుంది, ఆయన వియ్యంకుడికీ తెలుస్తుంది. పరువు నష్టంలో కోర్టు చూసేది ఇదే. పేరు రాశారా లేదా అని కాదు, తెలిసినవాళ్లు చూసి ఫలానా మనిషని పోల్చుకోగలరా అని. ‘కల్పితం’ కార్డు అక్కడ అక్కరకు రాదు. పైగా పోస్టర్ మీద ‘నిజ సంఘటనల ఆధారంగా’ అని వేసి, లోపల ‘అంతా కల్పితం’ అంటే రెండో మాట ఏ జడ్జీ నమ్మడు. సెక్రటరీ, వార్డెన్, ట్రెజరర్ ముగ్గురి పనులూ కలిపి కొత్త పాత్ర అల్లండి, హోదా మార్చండి, కవరు తీసేయండి. ఫిర్యాదు సొరుగులో ఉండిపోవడం ఒక్కటే చాలు.

అసలు ప్రమాదం అమ్మాయిల దగ్గర ఉంది. ఇంత జాగ్రత్తగా రాసిన మీరు దీన్నెలా వదిలేశారో నాకు అర్థం కాలేదు. మీ ప్రధాన పాత్ర పద్నాలుగేళ్ల పిల్ల, ఎడమచేతి వాటం, రాష్ట్ర స్థాయి పతకం, తండ్రి ఆటో నడుపుతాడు. పేరు మార్చారు, సరే. ఆ అకాడమీలో ఆ ఏడాది ఇవన్నీ కలిసిన పిల్లలు ఎంతమంది ఉంటారు? పోక్సో 23వ సెక్షన్ పేరు, ఫొటోలతో ఆగదు. చిరునామా, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, గుర్తుపట్టడానికి దారితీసే మరే వివరమైనా ఏ మీడియాలోనూ బయటపెట్టకూడదంటుంది. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు, లేదా జరిమానా, లేదా రెండూ. అత్యాచార బాధితురాలు ఎవరో బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దూరం నుంచైనా గుర్తుపట్టే వీలుండకూడదని గట్టిగా చెప్పింది. రాజగోపాల్ తీర్పు ఇచ్చిన స్వేచ్ఛ కూడా ఇక్కడ ఆగిపోతుంది. లైంగిక దాడి బాధితుల పేర్లకు ఆ పబ్లిక్ రికార్డు సూత్రం వర్తించదని ఆ తీర్పులోనే ఉంది.

ఆ అమ్మాయిల్లో ఒకరు ఇప్పుడు మేజర్, ఆమె నోటిమాటగా ఒప్పుకుందని రాశారు. నోటిమాట కుదరదు. రాతపూర్వక అనుమతి ఉండాలి. ఘటన నాటికి ఆమె మైనర్ కాబట్టి దానితో పాటు ప్రత్యేక కోర్టు అనుమతి కూడా తీసుకోమంటాను. ఒకరి అనుమతి పక్కనున్న ఇంకొక అమ్మాయిని బయటపెట్టడానికి పనికిరాదు. ఒకే గదిలో ఉన్నవాళ్లు కదా మీ కథలో.

కోర్టు సీన్లు మరో చిక్కు. పోక్సో విచారణ తలుపులు మూసి జరుగుతుంది. బాధితురాలి వాంగ్మూలాన్ని మాట మాటా డైలాగులుగా పెట్టారు, ఆ కాపీ మీ చేతికెలా వచ్చిందో నేను అడగను. కోర్టు అనుమతి లేకుండా ఇలాంటి విచారణ విషయాలు ప్రచురించడం న్యాయ సంహిత 73వ సెక్షన్ కింద నేరం. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకే మినహాయింపు. ఆ సీన్‌లో తలుపు బయట బెంచీ మీద కూర్చున్న తల్లిని చూపించండి.

కోచ్ భార్య దగ్గర ‘హక్కులు’ కొనడం డబ్బు దండగ. జరిగిన విషయాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. పైగా కోచ్ బతికే ఉన్నాడు, అతని తరఫున హామీ ఇవ్వడానికి ఆమె ఎవరు? అలాంటి ఒప్పందంలో మీకు దక్కేది ఆమె కేసు వేయనన్న మాట, కొన్ని ఇంటి ఫొటోలు. అలాగని ఇతరుల ఒప్పందాలను తేలిగ్గా తీసుకోకండి. మురికివాడ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిన ఒక కోచ్ మీద హిందీలో సినిమా తీస్తే, అందులోని ఒక ఆటగాడి కథ హక్కులు తనవని హైదరాబాద్ దర్శకుడొకరు ఇక్కడి కోర్టుకెళ్లారు. 2020లో స్టే వచ్చింది, తెలంగాణ హైకోర్టు ఎత్తేయలేదు, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. ఆ నవంబర్‌లో రావాల్సిన ఓటీటీ విడుదల ఆగిపోయింది. 2022 మార్చిలో గానీ థియేటర్లకు రాలేదు. మీ కథ మీద ఇప్పటికే ఎవరైనా ఒప్పందం చేసుకున్నారేమో వాకబు చేయండి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ పక్కన పెట్టుకుని, ప్రతి సీన్ అంచున అది ఏ పేరా నుంచి వచ్చిందో రాయండి. ఏ పేరా నుంచీ రాకపోతే ‘కల్పన’ అని రాయండి. కల్పన అని రాసిన చోట అసలు మనిషి ఎవరూ ఉండకూడదు. ఇక నిర్మాత మీతో సంతకం పెట్టించబోయే అగ్రిమెంటులో, కేసులొస్తే ఖర్చంతా రచయితే భరించాలన్న క్లాజు తరచూ ఉంటుంది. ‘కార్డు వేస్తే చాలు’ అన్న పెద్దమనిషి ఆ క్లాజు తీసేయడానికి ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.