ఉద్దానం నవల సగంలో విసుగొచ్చింది, లోపం నాదా నవలదా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఉద్దానం (శ్రీకాకుళం జిల్లాలో జీడి, కొబ్బరి తోటలూ, కిడ్నీ జబ్బూ ఎక్కువగా ఉన్న తీర ప్రాంతం) మీద కొత్తగా వచ్చిన నవలని ‘అచ్చమైన వాస్తవికత’ అని అందరూ మెచ్చుకుంటే కొన్నారు. తల్లికి డయాలసిస్, కొడుక్కి పలాసలో జీడి పని, నడుమ తిత్లీ తుఫాను. సగం దాటేసరికి విసుగొచ్చింది. మీది గజపతినగరం వైపు కాబట్టి, ఆ ప్రాంతం తెలియక అలా అనిపించిందేమోనని అడిగారు.

ప్రాంతం తెలియకపోవడం కారణం కాదండి. ఊరు తెలిసినవాళ్లకే రుచించే నవలైతే అది నవలగా నిలబడనట్టే. మీరిచ్చిన వివరాలు చూస్తే నా అనుమానం రచయిత లెక్కల మీదకి పోతోంది. వాస్తవిక నవలలో కష్టాలు ఎన్ని ఉన్నా లేకపోయినా, ఇంట్లోకి వచ్చే రూపాయి, పోయే రూపాయి, పనికి పట్టే పొద్దు, ఈ మూడూ కుదరాలి. అవి కుదరనప్పుడు తప్పెక్కడుందో మనకి తెలియకపోయినా నమ్మకం సడలిపోతుంది. దానికే విసుగు అని పేరు పెట్టుకుంటాం.

తుఫాను అధ్యాయమే తీసుకోండి. ‘విరగకాసిన జీడిచెట్లు నేలకొరిగాయి’ అని ఉందన్నారు. తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. ఉద్దానంలో జీడికి పూత సంక్రాంతికి అటూ ఇటూ, పిక్కలు (పెంకుతో ఉన్న జీడిగింజలు) ఏరేది మార్చి నుంచి మే దాకా. అక్టోబరులో చెట్టు మీద పిక్క ఉండదు. ఇదేదో తేదీల పట్టింపు అనుకోకండి, కథే ఇక్కడ దెబ్బతింది. పంట పోతే పోయేది ఒక్క ఏడాది. చెట్టు కూలితే మళ్లీ నాటిన జీడి మూడు నాలుగేళ్లకి గాని కాపుకి రాదు, నాటు కొబ్బరికైతే ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఖాళీ ఏళ్లలో ఇంట్లో ఎవరు వలసపోయారు, ఎవరి చదువు ఆగింది, ఏ అప్పు తీర్చడానికి ఏ అప్పు చేశారు? నవలంతా అక్కడుంది. మీ రచయిత ‘ఏడాది తర్వాత’ అని ఒక్క గెంతు గెంతి పచ్చటి తోట చూపించేశాడు. మీకు విసుగు మొదలైంది సరిగ్గా ఆ అధ్యాయం తర్వాతే అన్నారు కదా.

జీడి పని సంగతి. ‘కొడుకు రోజంతా జీడిపప్పు వలిచాడు’ అంటే ఏ పని చేసినట్టు? పిక్కల్ని కాల్చడమో ఆవిరి పట్టడమో ఒక పని. చల్లారాక పెంకు కొట్టడం ఇంకొకటి. పప్పుని వేడి మీద ఆరబెట్టడం, పొట్టు తియ్యడం, గ్రేడు చెయ్యడం వేరు. పెంకు జిగురు చేతిని కాలుస్తుంది, అందుకే నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు. పొట్టు తీసే పనిలో ఆడవాళ్లే ఎక్కువ. గుడ్డు (విరగని నిండు పప్పు) విరిగితే బద్ద ధరకో ముక్క ధరకో పడిపోతుంది, ఆ మాట యజమాని నోటి నుంచి వస్తుంది. గ్రేడుల్లో 240, 320 అంటే పౌండు బరువుకి దాదాపు అన్ని గుడ్లు తూగుతాయని. పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన నడుస్తుంది. ఇదంతా నవలలోకి ఎక్కాలని కాదు, ఎక్కితే అదింకో విసుగు. కానీ ఒక్క కాలిన వేలు, ఒక్క విరిగిన గుడ్డు కనిపించాలి.

డయాలసిస్ దగ్గర రచయితలు ఎక్కువగా తడబడతారు. సెషన్ ఒక్కోటి సుమారు నాలుగు గంటలు, వారానికి రెండు మూడు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) వేసిన చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఆ చేత్తో బరువు మొయ్యకూడదు. మీ నవలలో తల్లి ఆ చేత్తోనే నీళ్ల బిందె ఎత్తుతుందట! తాగే నీళ్లు గ్లాసుతో కొలుచుకోవాల్సిన మనిషి ఎండలో దాహాన్ని ఎలా ఓర్చుకుందో ఒక్క పేజీ రాసి ఉంటే చాలు, కన్నీళ్ల పేజీలు అక్కర్లేదు. ఇక డబ్బు. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉచితం, రోగికి నెలకి 10,000 పింఛను 2019 నుంచి వస్తోంది. కాబట్టి ఆ తర్వాతి కాలం కథలో ‘డయాలసిస్ ఫీజుకి పొలం అమ్మారు’ అంటే పొసగదు. కొల్లగొట్టేవి వేరే ఉన్నాయి: ప్రయాణం ఖర్చు, బయట కొనే మందులు, వెంట వెళ్లే మనిషి పోగొట్టుకునే కూలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి మూలమేంటో పరిశోధకులే ఇంకా తేల్చలేదు. నవలలో ఒక పాత్ర ‘అంతా నీళ్ల వల్లే’ అంటే అది పాత్ర నమ్మకం. రచయితే తీర్పిస్తే అతి.

మాట గురించి కొంచెం. సిక్కోలు (శ్రీకాకుళం) యాసంటే ‘ఏటి’, ‘గుంటడు’ నాలుగు చల్లడం కాదు. అదే మనిషి ఇంట్లో ‘తినీసినావేటి’ అంటాడు, ఎమ్మార్వో ముందు నాలుక సర్దుకుంటాడు. కవిటి, ఇచ్ఛాపురం వైపైతే ఒడియా కూడా దొర్లుతుంది. సంభాషణల్లో పేర్లు వేలితో మూసి చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో పోల్చలేకపోతే పాత్రలన్నీ రచయిత గొంతే.

ఇప్పుడు చెయ్యాల్సింది. విసుగొచ్చిన చోటికి 20 పేజీల ముందు నుంచి పెన్సిలుతో మళ్లీ చదవండి. అంచున మూడే గుర్తులు: డబ్బు వచ్చిందా పోయిందా, ఎవరు ఏ పని చేశారు, ఎన్ని రోజులు గడిచాయి. 20 పేజీల్లో ఆరేడు గుర్తులు కూడా పడకపోతే అక్కడున్నది వ్యాఖ్యానమే, పుస్తకం మూసేయొచ్చు. గుర్తులు పడి కూడా ఒకదానికొకటి పొసగకపోతే నేను చెప్పిన లోపమే. అన్నీ కుదిరి కూడా చదవబుద్ధి కాకపోతే, అది కథని లాగి నవల చేసిన కేసు. మన వైపు ఇది మామూలే. ఉత్తరాంధ్రకి పట్టుచిక్కిన రూపం కథ. 15 పేజీల బలం ఉన్న సంగతిని 250 పేజీలకి పరిస్తే పలచబడక ఏమవుతుంది? ఈ తేడా చేతికి తెలియాలంటే శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయానికి వెళ్లి, పాత పత్రికల్లోంచి మన జిల్లాల కథలు నాలుగు తీసి ఇదే పెన్సిలు పరీక్ష పెట్టండి. పెన్సిలు కాగితం మీదే, వాళ్ల పత్రికల మీద గీయకండి.

సమీక్ష రాసేటట్టయితే ‘నిరాశపరిచింది’ అని వదిలెయ్యకుండా పేజీ నంబర్లతో రాయండి. జీడి పిక్కల వాక్యాన్ని రెండో ముద్రణలో దిద్దుకోగలరు. ఆ ‘ఏడాది తర్వాత’ దగ్గర మాత్రం రెండు మూడు అధ్యాయాలు కొత్తగా రాయాల్సి వస్తుంది, అది కూడా చెప్పండి.